లావణ్య పేరున పొట్టేలు, నా పేరున దరఖాస్తు

ఉదయం ఆరున్నరకి త్రిపురాంతకంలో మార్కాపురం బస్సు ఎక్కాను. నీట్ పరీక్షకు దరఖాస్తు పెట్టడానికి మార్కాపురం, అక్కడినుంచి మా పెద్దనాయన కూతురు లావణ్య తనకు చదవడం అయిపోయిందని ఇస్తానన్న కోచింగు పుస్తకాలు తెచ్చుకోవడానికి గిద్దలూరు, సాయంత్రానికి మళ్లీ ఇల్లు. ఇదీ ప్రయాణం. మా వైపు నుంచి వచ్చే ఏడు ఇదే పని మీద బయల్దేరేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. ఉపయోగపడని సంగతులు కూడా కొన్ని దొర్లుతాయి. వాటిలో ఎక్కువ భాగం నా కుళ్లు.

లావణ్య నాకంటే కొద్ది రోజుల ముందు పుట్టింది, ఆ పాపానికి నేను అక్కా అని పిలవాలి. నిరుడు ఇద్దరం కలిసి రాశాం, ఇద్దరికీ సీటు రాలేదు. పెద్దనాయనకు గిద్దలూరులో పురుగుమందుల దుకాణం ఉంది కాబట్టి అక్కను విజయవాడలో హాస్టల్లో ఉంచి లాంగ్ టర్మ్ కోచింగు ఇప్పించాడు. మా నాయనకు ఉన్నది మెట్టచేను, కొన్ని మేకలు. నేను ఇంట్లోనే కూర్చుని ఫోనులో పాఠాలు విన్నాను. "ఈసారి గూడా రాకపోతే నర్సింగులో చేరు తల్లీ, అది గూడా ఆస్పత్రే గదా" అని నాయన మెత్తగానే అన్నాడు. ఎంత మెత్తగా అన్నా ఇదే ఆఖరిసారి అని దాని అర్థం.

అదంతా ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది పొట్టేలు. మా అవ్వ, అంటే నాయన వాళ్లమ్మ, మా దగ్గరే ఉంటుంది. మనవరాలికి డాక్టరు సీటు వస్తే పోలేరమ్మకు పొట్టేలిని ఇస్తానని మొక్కుకుంది. ఏ మనవరాలికి అంటే లావణ్యకు. "నా పేరున గూడా మొక్కవా అవ్వా" అని అడిగాను. "ఒకే ఇంట్లో ఒకే కోరికకు రెండు మొక్కులు పనికిరావు మే. అమ్మోరు ఎవురిది ముందు చూడాల? అది కోచింగుకు పోయింది గదా, వస్తే దానికే వచ్చేది" అంది. మొక్కిన జీవాన్ని అమ్మకూడదు, కొట్టకూడదు, కడుపు మాడ్చకూడదు. అలా లావణ్య పేరున ఉన్న పొట్టేలు మా పాకలో, నేను కొట్టుకొచ్చే సుబాబుల్ రొట్ట తిని, నా కళ్ల ముందే బలుస్తోంది. మొన్న దానికి రొట్ట కొడుతుంటే కొడవలి జారి నా బొటనవేలు తెగింది. ఈ గాటు సంగతి గుర్తుపెట్టుకోండి, మార్కాపురంలో పని పడుతుంది.

బస్సులో ఆడవాళ్లకు టిక్కెట్టు ఉచితం, ఆధార్ కార్డు మాత్రం చూపించాలి. నా పక్కన యర్రగొండపాలెం నుంచి వస్తున్న ఒకామె కూర్చుంది. ఒళ్లో చింతపండు సంచి.

"యాడికి పాపా, ఇంత పొద్దున్నే?" అంది. చెప్పాను. "మా చెల్లెలి కూతురికి కర్నూల్లో సీటొచ్చింది. మూడోసారికి. అది చదివినంతసేపు వాళ్లమ్మ పక్కనే కూచునేది."

ఊరూ పేరూ తెలియని ఆ పిల్ల మీద నాకు కుళ్లు పుట్టింది. సీటు వచ్చినందుకు కొంత, మూడోసారి దక్కినందుకు చాలా. కిటికీ వైపు తిరిగాను. కంది కోసేసిన చేలలో మోళ్లు నిలబడి ఉన్నాయి. పడమటి వైపు నల్లమల మంచులో సగమే కనిపిస్తోంది.

ఎనిమిది కాకముందే మార్కాపురంలో దిగాను. బస్టాండు బయట పూరీ బాగుంది, కూర మాత్రం నీళ్లు. ఫోటో స్టూడియో తొమ్మిదికి గానీ తెరవరు, కాబట్టి తొందరపడి తినకండి. ఫోటోకు వెనక తెల్ల తెర ఉండాలి, చెవులు రెండూ కనిపించాలి. "జుట్టు ఎనక్కి తియ్యమ్మా. నవ్వొద్దు" అన్నాడు స్టూడియో అన్న. నవ్వే ఉద్దేశం నాకెలాగూ లేదు. నా ముందు ఫోటో దిగిన పిల్ల వెంట వాళ్ల నాన్న దువ్వెన, పౌడరు డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. ఆ పౌడరు డబ్బాను కూడా నేను వదిలిపెట్టలేదు, దాని మీదా ఏడ్చాను.

ఇంటర్నెట్ సెంటరు పక్క సందులోనే ఉంది. మర్నాడే ఆఖరి రోజు కావడంతో అప్పటికే వరస పెరిగింది. దరఖాస్తుకు పది వేళ్ల ముద్రలు కాగితం మీద వేసి ఎక్కించాలి. సిరాలో అద్ది ఒక్కో వేలూ ఒత్తాను. బొటనవేలి ముద్ర మధ్యలో అడ్డంగా తెల్లటి గీత పడింది.

"ఈ గీతేందమ్మా?" అన్నాడు సెంటరాయన.

"పొట్టేలు" అన్నాను.

ఆయన కళ్లజోడు పైకి నెట్టి నా మొహం చూశాడు. కొడవలి గాటు అని సర్దుకున్నాను. "పర్లేదులే, ముద్ర కనపడతాంది" అన్నాడు. లావణ్య వేళ్లకు గాట్లేమీ ఉండవని అప్పుడు కూడా గుర్తొచ్చింది.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. నిరుడు ఏ నంబరిచ్చానో అలవాటుగా ఈసారీ అదే ఇచ్చాను, నాయన నంబరు. ఓటీపీ ఆ ఫోనుకే పోతుంది. ఆ ఫోను నాయన జేబులో, నాయన మేకల వెంట గుట్ట కింద. అక్కడ సిగ్నలు ఉండదు. నిరుడు దరఖాస్తు పెట్టిన రోజు నాయన నా పక్కనే ఉన్నాడు కాబట్టి ఈ సంగతి తట్టనే లేదు. మేకలున్న ఇళ్లవాళ్లందరికీ చెబుతున్నాను, ఊళ్లో ఉండే మనిషి నంబరివ్వండి. ఫోను చేస్తే అందుబాటులో లేరని ఒకటే పాట. "పక్కకు నిలబడమ్మా, ఎనకోళ్లు రావాల" అన్నాడు సెంటరాయన. నిలబడ్డాను. లావణ్య హాస్టల్లో ఇవన్నీ వాళ్లే చూసుకుంటారట, పిల్లలు సంతకం పెడితే చాలునట.

పదిన్నర ప్రాంతంలో ఆయన రెండోసారి ఓటీపీ పంపాడు, కాసేపటికే ఫోను మోగింది. అవతల నాయన రొప్పుతున్నాడు.

"నంబరు ఏమన్నా వస్తాదేమో అని గుట్టెక్కినాను తల్లీ. వచ్చినాయి, రెండు వచ్చినాయి. యాది చదవాల?"

"రెండోది నాయనా."

ఒక్కో అంకె విడదీసి, బడిపిల్లాడు ఎక్కం అప్పజెప్పినట్టు చదివాడు. చదివాక "సరిపోయిందా?" అని అడిగాడు. సరిపోయింది. దరఖాస్తు పోయింది. పరీక్ష రాసే ఊరు ఒంగోలు పెట్టుకున్నాను. కాగితం తీసుకుని బయటికొచ్చి, గోడ పక్కన కాసేపు నిలబడి కళ్లు తుడుచుకున్నాను.

మార్కాపురం రోడ్డు స్టేషను ఊరికి దూరం, షేర్ ఆటోలు ఉంటాయి. పదకొండున్నరకి రావలసిన ప్యాసింజరు పన్నెండు దాటాక వచ్చింది. తర్లుపాడులో ఒక గొర్రెల తాత ఎక్కాడు. భుజాన గొంగళి, చేతిలో కర్ర. నా ఫైలు చూసి ఏం చదువని అడిగాడు.

"డాక్టరా? జీవాల డాక్టరా, మనుషుల డాక్టరా?"

"మనుషులకే తాతా."

"జీవాల డాక్టరు అయితే మేలు గదా పాపా. మనుషులకు పది మంది ఉండారు, మా గొర్రెలకు పిలిస్తే ఒక్కడు రాడు."

కంభం దాకా గొర్రెల రోగాలు చెప్పాడు. ఆపిన సందు చూసుకుని నాకు కావలసింది అడిగాను. "తాతా, ఒకరి పేరున మొక్కిన పొట్టేలిని ఇంకొకరి పేరుకు మార్చచ్చా?"

"మార్చచ్చు. ముందుటోళ్లు వద్దనుకోవాల. చెవిలో కొత్త పేరు చెప్పి, ఈపున చెంబెడు నీళ్లు పొయ్యాల. ఒళ్లు ఇదిలిస్తే అమ్మోరు ఒప్పుకున్నట్టు."

"ఇదిలియ్యకపోతే?"

"ఒప్పుకోలే అనుకునేటోళ్లు ఉండారు" అని తాత నవ్వాడు. "ఇదిలిచ్చేదాకా పోసేటోళ్లు గూడా ఉండారు."

ఒకటిన్నర దాటాక గిద్దలూరులో దిగాను. పెద్దనాయన దుకాణంలో ఉన్నాడు. పెద్దమ్మ సంకటి, కోడికూర పెట్టి పక్కనే కూర్చుంది. జ్వరం వచ్చిందని వారం కింద ఇంటికొచ్చిన లావణ్య నాతోపాటు తింది. పెద్దమ్మ నా కాగితం చూసి, "అక్కది హాస్టల్లోనే పెట్టేసినారంటలే" అంది. అక్క ముద్ద మింగి నీళ్లు తాగింది.

అక్క గది చూశాను. బల్ల, బల్ల మీద దీపం, చక్రాల కుర్చీ, తలుపుకు లోపల గడియ. మా ఇంట్లో నేను చదివేది బియ్యం బస్తాల పక్కన, అవ్వ దగ్గు వింటూ. ఆ కుర్చీలో కూర్చుని ఒకసారి గుండ్రంగా తిరిగాను. ఇంత సుఖంగా చదివితే ఎవరికైనా వస్తుంది అనుకున్నాను. కడుపులో కోడికూర కూడా మండింది.

మిద్దె మీద ఆరబోసిన మిరపకాయలు ఎత్తమని పెద్దమ్మ మా ఇద్దరినీ పంపింది. గోతం నోరు నేను పట్టుకున్నాను, అక్క చేటతో పోస్తోంది.

"నేను పెట్టలేదు మే" అంది.

"ఏంది పెట్టలేదు?"

"అప్లికేషను. హాస్టల్లో అందరూ పెట్టినారు, నాది ఇంటికాడ పెడతారని చెప్పినా. ఈడ హాస్టల్లో పెట్టినారని చెప్పినా."

నా మొదటి ఆలోచన ఏమిటో దాచను. పోటీలో ఒకరు తగ్గారు అనుకున్నాను, లోపల ఏదో గంతేసింది. రెండో ఆలోచనగా, "ఎందుకక్కా?" అన్నాను.

"నాకు పడదు. పుస్తకం తెరిస్తే గుండె దడ. బీకాం చేసి మా నాయన దుకాణంలో కూచుంటా, లెక్కలు నాకిష్టం. రేపు గడువు అయిపోయినాక చెప్తా. నువ్వు చెప్పాకు."

"పెద్దనాయన ఏమంటాడు?"

"అరుస్తాడు. రెండు రోజులు అన్నం తినడు. మూడో రోజు తింటాడు."

ఇంత తేలిగ్గా చెప్పింది. అప్పుడు పట్టుకుంది చూడండి, ఆ రోజు మొత్తం మీద అసలైన కుళ్లు. కోచింగు మీద, బల్ల మీద, చక్రాల కుర్చీ మీద పడిన ఏడుపంతా దీని ముందు ఆటలాంటిది. పొద్దున గుట్ట మీద రొప్పుతూ అంకెలు చదివిన మనిషి గుర్తొచ్చాడు. నాకూ గుండె దడ ఉంది. పుస్తకం తెరిచిన చాలా పొద్దుల్లో ఉంది. నాకు పడదు నాయనా అని నేను ఒక్కసారి కూడా అనలేదు, అనాలని తోచనే లేదు. అక్కకు వద్దనడం కూడా దొరికింది.

"మరి పొట్టేలు?" అన్నాను.

"ఏ పొట్టేలు?"

తెలియదు. తన పేరున ఒక ప్రాణం మా పాకలో మేస్తోందని ఆమెకు తెలియనే తెలియదు. చెప్పాను. అక్క చేట కింద పెట్టి, "అయ్యో, నాకొద్దు మే. పాపం, దాన్ని ఇడిచిపెట్టండి" అంది. ఆ జాలి కూడా ఎంత సులువుగా వచ్చిందో చూడండి. రొట్ట కొట్టేది నేను.

మూడింటికి బయల్దేరాను. పుస్తకాల సంచి ఇద్దరం చెరో పక్కన పట్టుకుని వాకిలి దాకా మోశాం. "ఇద్దరూ ఒకే కాలేజీలో చేరితే ఎంత బాగుంటాది" అంది పెద్దమ్మ, నా తలలో కనకాంబరాలు పెడుతూ. అక్క కాలి వేళ్లు చూసుకుంది. అక్క రేపు చెబుదామని ఆగుతోంది గానీ, పెద్దమ్మ ఆ జవాబు ఇప్పుడే అడిగినట్టు అనిపించింది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. "బస్సు పోతాది పెద్దమ్మా" అన్నాను.

బేస్తవారిపేట మీదుగా మార్కాపురం వెళ్లే బస్సులో ఆఖరి సీటు దొరికింది. సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పుస్తకం తీశాను. మొదటి నాలుగు పాఠాల్లో గీతలున్నాయి. తర్వాత ఒక్క పేజీకి కూడా మడత పడలేదు, కొత్త కాగితం వాసన వస్తోంది. పాతవి తెచ్చుకుంటున్నానని పొద్దుటి నుంచి ఏడ్చాను, తీరా చూస్తే కొత్తవే. మార్కాపురంలో బస్సు మారేటప్పుడు సంచి బరువుకు భుజం లాగేసింది. మీరు వెళితే రెండు సంచులు తీసుకెళ్లండి.

ఈ ప్రయాణం మీద నా మాట అడిగితే, దరఖాస్తు పని సులువే. ఫోటో, వేళ్లు, ఫోను దగ్గరుంటే గంటలో అవుతుంది. కష్టమైనది వెంట తీసుకెళ్లే కుళ్లు, దానికి టిక్కెట్టు లేదు, దిగమంటే దిగదు. పొద్దున ఒకదాని మీద ఎక్కింది, సాయంత్రం ఇంకోదాని మీద కూర్చుని తిరిగొచ్చింది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. నాయన మేకలు ఇంకా రాలేదు. అవ్వ వాకిట్లో కూర్చుని ఉంది.

"లావణ్య ఎట్ల చదవతాంది మే?"

"బాగానే ఉంది అవ్వా" అన్నాను. చదువు సంగతి చెప్పలేదు, అబద్ధమూ ఆడలేదు.

సంచి లోపల పెట్టి, చెంబుతో నీళ్లు ముంచుకుని పాకలోకి వెళ్లాను. పొట్టేలు నన్ను చూసి రొట్ట కోసం మూతి చాపింది. అక్క వద్దంది కాబట్టి అది బతికిపోయినట్టే. నా పేరుకు మారితే, నాకు సీటొస్తే, చస్తుంది. మా ఇంట్లో ఎవరూ ఏ పరీక్షా రాయమని అడగని ప్రాణి అదొక్కటే, చివరికి దాని మీద కూడా నాకు కుళ్లు వచ్చింది. వంగి దాని చెవిలో "శిరీష" అని నా పేరు చెప్పి, చెంబెడు నీళ్లూ వీపున పోశాను. బొచ్చు తడిసి నీళ్లు డొక్కల మీదుగా కారాయి. అది కదల్లేదు. ఒళ్లు విదిలించలేదు. నా మొహమే చూస్తూ నిలబడింది.

ఇంకో చెంబు ముంచడానికి తొట్టి దగ్గరికి వెళ్లాను.