పొక్కుల మాస్టారు

బాపట్ల హాస్టల్లో ఉండగా ఫోనొచ్చింది. తెనాలిలో నాతో ఇంటర్ చదివినవాడు. ఒక పేరు చెప్పి, పోయారంట్రా అన్నాడు.

"ఆయనెవరు?" అన్నాను.

"పొక్కుల మాస్టార్రా, ఎదవా."

మా కెమిస్ట్రీ సారు. రెండేళ్లు ఆయన ముందు బెంచీలో కూర్చున్నాను. ఈమధ్య మాటల పిచ్చి పట్టి నిఘంటువు తలగడ పక్కన పెట్టుకుని పడుకుంటున్నాను. అందులో ఎన్ని మాటలుంటే ఏం? ఆయన పేరు విని ఎవరని అడిగిన నోరు ఇది. బస్సులో తెనాలి దాకా తలెత్తలేదు.

పొక్కుల మాస్టారన్న పేరు ఎలా వచ్చిందో చెబుతాను. సారు రేపల్లెలో ఎవరి దగ్గరో ఒక పాత కారు కొన్నారు. ఫైబర్ బాడీ, వంకాయ రంగు. వీధిలో దాన్ని సబ్బుపెట్టె అనేవారు. తెల్లరంగు వేయిద్దామని, పాతది ఊడదీసే మందు కోసం పెయింట్ల కొట్టుకి వెళ్లారు. "దేనికండీ?" అని అడిగాడు కొట్టతను. "కారుకయ్యా" అన్నారు సారు. కారంటే ఇనుమే కదా అని అతను డబ్బా ఇచ్చాడు. సారు బానెట్ నిండా పూసి కాఫీకి లోపలికెళ్లారు. వచ్చేసరికి రంగుతో పాటు దాని కింద ఫైబర్ కూడా మెత్తబడి, కాలిన చర్మంలా పొక్కులు లేచింది.

మర్నాడు క్లాసులో బోర్డు మీద చుక్కల కారు బొమ్మ ఉంది. సారు గుమ్మంలోనే ఆగిపోయారు. చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి వెళ్లిపోతారనుకున్నాం. ఆ రోజు వెళ్లిపోయుంటే మళ్లీ మా ముందుకు వచ్చేవారు కాదేమో. ఆయన మెల్లగా వచ్చి సుద్దముక్క తీసుకున్నారు.

"బానెట్ మీద ఇంకో రెండున్నాయర్రా" అని దిద్దారు.

క్లాసంతా ఘొల్లుమంది. నవ్వులు ఆగాక అన్నారు: "పెయింటూ ఫైబరూ చుట్టాలు. ఒకదాన్ని కరిగించేది రెండోదాన్ని వదులుతుందా? ఏళ్ల తరబడి ఈ పాఠమే చెబుతున్నాను. చెప్పడం వేరు, తెలియడం వేరు."

ఇక మిగతా రంగు అంతా చేత్తోనే తీయాల్సి వచ్చింది. ఆదివారాలు మేమూ వెళ్లేవాళ్లం. బకెట్లో నీళ్లు, తడిపి రుద్దే గరుకు వాటర్ పేపర్ ముక్కలు. తొందరపడి గట్టిగా రాస్తే చెయ్యి పట్టుకునేవారు. "గోకొద్దురా, రుద్దు. కింద ఉన్నదానికి నొప్పి తెలియకూడదు." వంకాయరంగు నీళ్లు కాలవలోకి పారేవి. సారు భార్య ఉప్మా తెచ్చి కేకలేసేవారు.

"నా కాఫీ గిన్నెలో బ్రష్షు ముంచారేంటండీ?"

"నీ కాఫీకి ఇన్నాళ్లకి రంగొచ్చింది కదే."

పెయింటరు పొక్కులన్నీ అరగదీసి లప్పం పెడుతుంటే, ముందు అద్దం కింద అరచేయంత మేర మాత్రం సారు ముట్టుకోనివ్వలేదు. "అదుండనీవయ్యా. లేకపోతే మళ్లీ అన్నీ తెలిసినట్టే మాట్లాడతాను."

ఊరు ఆ పేరు ఖాయం చేసింది. పిలిస్తే ఆయనా పలికేవారు. పలికారు కదా అని, ఆయనకి ఇంకో పేరుందని నేను మర్చిపోయాను. బోర్డు ముందు ఎర్రబడిన ఆ చెవుల్ని చూసినవాణ్ణే.

నేను వెళ్లేసరికి ఇంటిముందు కుర్చీలు వేసున్నాయి. తెల్లకారు ఎండలో ఉంది. లోపలికెళ్లే ధైర్యం చాలక, అద్దం కింద ఆ పొక్కుల మీద చెయ్యి వేసి నిలబడ్డాను. దారిన పోతున్న ముసలాయన సైకిలాపాడు.

"ఎవరు బాబూ పోయింది?"

ఇంటిపేరుతో సహా చెప్పాను. నోటికి కొత్తగా తగిలింది.

"ఆయనెవరు?"

పొక్కుల మాస్టారని ఒక్క మాటంటే తెలిసిపోయేది. అరచేతి కింద పొక్కులు ఎండకి చుర్రుమంటున్నాయి. చెయ్యి తీయకుండా, ఆయన పేరు మళ్లీ మొదటినుంచి చెప్పాను.