గోవిందు మామ విమానం దించినాడు

నిన్న పొద్దున ఆర్.ఎస్. పురంలో ఆటో కోసం నిలబడుంటే తమ్ముడు ఫోన్ చేసినాడు. "అక్కా, గోవిందు మామ పోయినాడు."

ఏ మామ అని అడిగినా.

మాకుండేది ఒక్క మామే. అయినా అడిగినా.

అమ్మకు ఒక్కడే తమ్ముడు. మొన్న సాయంత్రం కూడా ఫోన్లో నాతో గొడవ పడినాడు, కాఫీలో చక్కెర తగ్గించమన్నానని.

సరే, ఏడుపు తర్వాత. ముందు నా కోపం తీరాల.

నిన్న సావింట్లో ఒకాయన నవ్వుకుంటా అన్నాడు, "పావం, విమానం పడగొట్టిన మనిషి." యాభై ఏండ్లుగా ఇదే మాట! పెండ్లికి పోయినా ఇదే, గుడికి పోయినా ఇదే. సగం కథ తెలిసినోళ్లు మిగతా సగం కూడా వినండి.

మామకు స్పిన్నింగ్ మిల్లులో దారం వడికే రింగ్ ఫ్రేమ్ మీద పని. ఆదివారమైతే ఫ్లయింగ్ క్లబ్బులో ఇంజిన్ రిపేరు. కూలి వద్దు, విమానం నేర్పించండి అన్నాడు. నేర్పించినారు.

ఒకరోజు ట్రైనింగ్‌లో, పక్కన ఇన్‌స్ట్రక్టర్. చక్రాలు నేలకు తగిలినాయి. పాలక్కాడు కనుమ గాలి అడ్డంగా ఒక్క తోపు తోసింది, ముక్కు పక్కకు తిరిగింది. అప్పుడు బ్రేకు జోలికి పోకుండా తోక చుక్కాని తిప్పి సరిచేయాల.

మిల్లులో దారం తెగితే మోకాలితో బ్రేకు నొక్కి కదురు ఆపాల. పొద్దస్తమానం అదే పని. ఆ కాలికి ఇంకేం తెలుసు? ఏదో తప్పిందనగానే బ్రేకు గట్టిగా తొక్కేసినాడు. విమానం గిర్రున తిరిగి, రన్‌వే దాటి, రెక్క నేలకు కొట్టుకుని నిలిచింది. ఇన్‌స్ట్రక్టర్‌కు ఏమీ కాలేదు. మామకు భుజం ఎముక విరిగింది.

"మళ్లీ ఆ పక్క పోతే నా పీనుగ చూస్తావు" అనింది మా అవ్వ, మామను కన్నతల్లి. మిల్లంతా ఎగతాళి.

మామ ఏం చేసినాడో తెలుసా?

భుజం నయమై పనికి పోయినాక మోకాలి బ్రేకు వాడడమే మానేసినాడు. తిరుగుతా ఉండే కదురును చేత్తోనే ఆపేది. వేళ్లు బొబ్బలెక్కినాయి. మేస్త్రీ తిట్టినాడు. అయినా నెలల తరబడి అంతే. కాలు ఆ అలవాటు మరవాల, అదే మొండిపట్టు.

మళ్లీ క్లబ్బుకు పోయినాడు. ఒక ఆదివారం ఇన్‌స్ట్రక్టర్ తాను దిగిపోయి, మామను ఒంటిగా పంపినాడు. మా అమ్మ అవ్వకు తెలీకుండా పోయి కంచె బయట నిలబడింది.

దిగేటప్పుడు మళ్లీ అదే గాలి. ముక్కు తిరిగింది. అమ్మ కండ్లు మూసుకుంది.

తెరిచేసరికి విమానం రన్‌వే మీద నేరుగా పోతా ఉండాది.

మామ దిగొచ్చి, "అక్కా, బ్రేకు తొక్కలేదు" అన్నాడంట. అంతే.

లైసెన్సు రాలేదు. మిల్లు మూసినారు, సంసారం నెత్తిన పడింది. రాకపోతే ఏం? దించినాడా లేదా?

నిన్న ఆయన నవ్వగానే ఎనభై దాటిన మా అమ్మ మామ పక్కనుంచి లేచింది. "నేను చూసినాను రా. ఒంటిగా పోయినాడు, ఒంటిగా దించినాడు. నీకు సైకిలన్నా వచ్చునా?"



వీధి చివర కట్టే కన్నీరంజలి ఫ్లెక్స్‌కు మామ పేరు కింద "మిల్లు కార్మికుడు" అని రాసుకొచ్చినారు. మిల్లు పని తక్కువని కాదు. కానీ అదొక్కటే చాలదు. దానికి పైన "పైలట్" అని వేయించినా. మేముండేది తమిళ ఊరు కదా, తమిళంలోనే, పెద్ద అక్షరాల్లో. అభ్యంతరం ఉండేవాళ్లు నా దగ్గరికి రండి, చుమ్మా, ఊరికే ఆయన వెనకాల నవ్వొద్దు.

అమ్మకు చదువు రాదు. ఆ అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా ఆ మాట?" అనింది.

ఇదేనమ్మా.

పోయిరా మామ. నిమ్మళంగా పండుకో.