గుట్టు మేస్త్రీ, గరగరలాడే కంప్యూటరు

గుట్టు మేస్త్రీకి కంప్యూటర్లు బాగుచేయడం వచ్చు. వాటికి పట్టిన రోగమేమిటో చెప్పడం మాత్రం రాదు. రాదనడం కన్నా, చెప్పడు అనడమే సబబు. పని పూర్తవగానే స్క్రూడ్రైవరు సంచిలో పడేసి, "పోయిందిగా" అని లేచిపోయేవాడు. ఎందుకొచ్చిందని అడిగితే గోడతో మాట్లాడినట్టే.

ఒక లాయరుగారు తన ప్రింటరు ఎందుకు మొరాయించిందో రాబట్టాలని పంతం పట్టి, అతన్ని కూర్చోబెట్టి గంటసేపు అడ్డప్రశ్నలు వేశారట. చివరికి లాయరుగారి గొంతే బొంగురుపోయింది. ఇంట్లో ఆగిన మిక్సీ సంగతి భార్య అడిగినా, "తిరుగుతోందిగా" అన్నాడట.

అలాంటివాడు, చూపులేనివారి కోసం పుస్తకాలు చదివి రికార్డు చేసే ఆఫీసులో అడుగుపెట్టాడు. అక్కడి ఇన్‌ఛార్జి మేడమ్‌కి కారణం తెలియందే ముద్ద దిగదు. బల్బు మాడినా రిజిస్టరులో కారణం రాయాల్సిందే.

ఆ వారం రికార్డింగు గదిలో కంప్యూటరు గరగరలాడుతోంది. మాస్టారు చదివిన ప్రతి పేజీలోనూ ఎవరో ఎండుటాకులు తొక్కుతున్నట్టు చప్పుడు. మాస్టారు బడి నుంచి రిటైరయ్యాక పద్దెనిమిదేళ్లుగా అక్కడే చదువుతున్నారు. ఆయన చదివితే తప్ప వినమని మొండికేసే శ్రోతలున్నారు. అయినా పెద్దాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. శుక్రవారంలోగా చప్పుడు పోకపోతే పుస్తకం ఇంకొకరి చేత చదివించాలట. కారణం రాసి పంపాలట.

మేస్త్రీ మొదట పాత రికార్డింగు పెట్టి విన్నాడు. శుభ్రంగా ఉంది. అంటే స్పీకర్లలో దోషం లేదు. మేడమ్‌ని మైకు ముందు కూర్చోబెట్టి పేజీ చదివించాడు. అదీ శుభ్రమే. మాస్టారు కూర్చున్నారో లేదో, గరగర మొదలైంది.

మేడమ్ మాస్టారిని టీకి పంపించి, లోపం ఆయన గొంతులోనే ఉందా అని మెల్లగా అడిగింది. మేస్త్రీ తలుపేసుకున్నాడు.

రెండు గంటల తర్వాత తలుపు తెరుచుకుంది. బల్ల మీది మైకు గోడకు బిగించిన కమ్మీకి వేలాడుతోంది. వైరు గోడ వెంట సాగి, కంప్యూటరు వెనక కొత్త ప్లగ్గుతో బిగిసింది. పుస్తకానికో స్టాండు, బల్ల మీద మందపాటి దుప్పటి. మాస్టారు నాలుగు పేజీలు చదివారు. గరగర మాయం.

మేడమ్ రిజిస్టరు తెరిచి, కారణం చెప్పమంది. మేస్త్రీ జవాబు తెలిసిందే. పెద్దాఫీసుకి ఏం రాయాలని నిలదీస్తే, పోయిందని రాయమన్నాడు. ఆమె ఉద్యోగ జీవితంలో మొదటిసారి రిజిస్టరులో కారణం గడి ఖాళీగా మిగిలింది. మూడు రోజులు ఆ గడి ఆమెకు కంట్లో నలుసైంది.

నాలుగో రోజు ఏదో కాగితం మీద సంతకానికి వెళ్లి, రికార్డింగు గది అద్దంలోంచి చూసి ఆగిపోయింది. మాస్టారు చదువుతున్నారు. గొంతు నిశ్చలంగా ఉంది. దుప్పటి మీద ఆనించిన కుడిచెయ్యి మాత్రం గాలికి రెపరెపలాడే ఆకులా వణుకుతోంది. మైకు వైరు ఇదివరకు ఆ చేతి కిందనుంచే పోయేది. చెయ్యి వణికితే వైరు వణికేది. వైరు వణికితే వెనక వదులైన ప్లగ్గు కదిలి గరగరమనేది.

ఆమె వరండాలోకి వెళ్లి మేస్త్రీకి ఫోను చేసింది.

"ముందే చెప్పొచ్చుగా, మేస్త్రీ?"

"చెబితే మీరు రాస్తారు మేడమ్. రాస్తే వాళ్లు ఆయన్ని మానిపిస్తారు. చాలా ఇళ్లల్లో ఇంతే. లోపం పేరు చెబితే, దాని వెనకాలే ఒక మనిషి పేరు వస్తుంది."

అవతల అతను ఫోను పెట్టేశాడు.

అంతలో మాస్టారు బయటికొచ్చారు. చెయ్యి జేబులో దాచుకుని, పోయిన వారం ఆ చప్పుడు తన వల్ల కాదు కదా అని నేల చూపులు చూస్తూ అడిగారు.

"ప్లగ్గు వదులైంది మాస్టారూ. లోపలంతా దుమ్ము," అంది మేడమ్.

మాస్టారి ముఖం విచ్చుకుంది. "దుమ్మా! ఈ గది ఎవరూ సరిగ్గా ఊడవరని నేను ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటున్నాను!"

ఆ సాయంత్రం ఖాళీ గడిలోనూ, పెద్దాఫీసుకూ మేడమ్ అదే కారణం రాసింది. మర్నాడు మాస్టారు రెండు పాత తువ్వాళ్లతో దిగారు. ఒకటి తనకు, ఒకటి ఆమెకు. అద్దం మూలలు, అలమరల పైభాగం, కుర్చీ కాళ్లు ఒక్కొక్కటీ చూపిస్తూ, బడిపిల్లకు చెప్పినట్టు చెప్పి మరీ తుడిపించారు. ఇన్‌ఛార్జి మేడమ్ కిక్కురుమనకుండా ముక్కుకు చెంగు చుట్టుకుని, బల్ల కిందకు దూరింది.