వావిలాకు కట్టిన చోటు

ఈ పొద్దున పెద్దదోర్నాల నుంచి వచ్చిన ఓ పెద్దామె బల్ల మీద కూర్చోగానే గది నిండా వావిలాకు వాసన. ఉడికించిన ఆకు కాలికి పెట్టి, పాత చీరపేలికతో బిగించి కట్టుకుంది. ఆ వాసన తగలగానే కిటికీ పక్కనున్న కుర్చీ వైపు చూశాను. డాక్టర్ మస్తాన్ గారు పోయి రెండేళ్లవుతున్నా నా మెడ అటే తిరుగుతుంది. ఆ కబురు దానికింకా అందినట్టు లేదు.

మార్కాపురంలో ఆయన నడిపిన ఈ ఎముకల ఆసుపత్రిలోనే నేను ఫిజియోథెరపిస్టుగా చేరాను. ఆయన పద్ధతి మొదట్లో నాకు వింతగా ఉండేది. ఎక్స్‌రే చేతికిచ్చినా చూసేవారు కాదు. ముందు మనిషి నడవాలి, తర్వాత గుడ్డ ఎక్కడ కట్టుకున్నారో చూడాలి. మా వైపు నొప్పికి వావిలాకు కట్టని ఇల్లుండదు. కానీ డాక్టరు తిడతాడని గేటు దగ్గరే విప్పి పారేస్తారు. అందుకని, "విప్పొద్దు, అట్లే రమ్మనండి" అని గేటు దగ్గరే చెప్పించేవారు.

త్రిపురాంతకం పక్క పల్లె నుంచి మరియమ్మ వచ్చింది అట్లాగే. మిరప కోతలకు పోయే మనిషి. అరిగిన మోకాళ్లు ఏళ్ల తరబడి వంగి దొడ్డికాళ్లయిపోయాయి. కొన్ని నెలలుగా నొప్పి కుడికాలిని నేల మీద ఆననివ్వడం లేదు. ఎక్కడ చూపించినా అరుగుదలే అని మాత్రలిచ్చి పంపారు. వెంట తెచ్చుకున్న ఎక్స్‌రే కూడా మోకాలిదే.

"మోకాలే సార్. అరిగిపోయిందంట," అందామె.

"నువ్వు మోకాలంటున్నావు గానీ అక్కా, ఆకు జానెడు కిందికి కట్టినావే?"

మరియమ్మ వంగి తన కాలు తనే చూసుకుంది. "ఏమో సార్, చెయ్యి ఆడికే పోతాంది."

కాలు మొత్తానికీ ఎక్స్‌రే తీయించారు. మోకాటి కింద పెద్ద ఎముక విరిగి ఉంది. ఆమె పడిందీ లేదు, దెబ్బ తగిలిందీ లేదు. వంకర కాలి మీద బరువంతా ఒకే పక్క పడి పడి ఎముక మెల్లగా చిట్లింది. పాత ఎక్స్‌రే సరిగ్గా దానికి పైనే ఆగిపోయింది.

సిమెంటు కట్టు వేస్తే సరిపోదా అని అడిగాను. "గోడ ఒరిగింది పాపా. పగులు పూడిస్తే ఎన్నాళ్లుంటది?" అన్నారు. అరిగిన కీలు మార్చి కాలు నిటారు చేయాలి. కొత్త కీలుకుండే పొడవాటి కాడను ఎముక లోపలి నుంచే విరిగిన చోటు దాటించి దించాలి. రెండింటికీ ఒకటే ఆపరేషన్.

మరియమ్మ ఒప్పుకోలేదు. మోకాలు కోయించుకున్న వాళ్లెవరూ వాళ్ల ఊళ్లో మళ్లీ చేలో దిగలేదట. "నేను నిలబడలేకపోతే నాకెవరుండారు సార్?" అంది. ఆయన కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు.

"నడుస్తావని ఒట్టేసి చెప్పలేనక్కా. ఇట్ల వదిలేస్తే మాత్రం ఈ కాలు నిన్ను నిలబెట్టదు. కోసేది నేను, నడిపించేది ఈ పాప. మమ్మల్ని నమ్ముతావా?"

నన్ను తన పక్కన కలిపి చెప్పడం అదే మొదలు. ఆ ఒక్క మాటతో నేనెంత ఎదిగానో ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు.

ఒప్పుకుని ఆపరేషన్ చేయించుకున్నాక, వాకరు పట్టుకుని ఆమె మొదటిసారి లేచినప్పుడు ఆయన వరండా చివర నిలబడి చూశారు. కొన్ని నెలలకు చేతికర్ర కూడా లేకుండా వచ్చిన మరియమ్మను చూసి, "పొడుగైనావే అక్కా," అని నవ్వారు. ఆ నవ్వు మళ్లీ ఒక్కసారి వినాలని ఉంటుంది.

ఆయన పోయిన రోజు కూడా మరియమ్మ వచ్చింది. డాక్టరు గారింటి సందులోకి ఆటో రాదు. మలుపులో దిగి, జనం మధ్య నుంచి తలెత్తుకుని నడిచి వచ్చి నా పక్కన నిలబడింది.

"సార్ చూస్తాడేమోనని సక్కంగా నడిచినా పాపా," అంది.

బల్ల మీది పెద్దామె ఇప్పుడు మోకాలు నొప్పంటోంది. గుడ్డ జానెడు కిందుంది. కాలు మొత్తానికీ ఎక్స్‌రే కావాలని కొత్త డాక్టరుకు చెప్పి, ఆ కట్టు విప్పకుండా మునివేళ్లతో తడిమాను. చూశారా సార్, అనబోయాను. అనడానికి ఆయన లేరు.