కడుపు చలవ చలిమిడి

నేను దయ్యాలను నమ్మను. నరసరావుపేటలో పిల్లలకు లెక్కలు చెప్పుకుని బతికేదాన్ని. బల్లిని చూస్తే బల్లెక్కుతాను గానీ, దయ్యమంటే నవ్వుతాను. పోయినేడు చలికాలంలో జరిగినదానికి మాత్రం నా దగ్గర లెక్క లేదు.

పెళ్లయిన చాలా ఏళ్లకు ఐవీఎఫ్‌కి వెళ్లాం. రక్తపరీక్షలో నాకు ఏఎంహెచ్ తక్కువన్నారు. ఒంట్లో గుడ్లు ఏపాటి మిగిలాయో చెప్పే హార్మోను అది. 'అమ్మ' అనబోయి మధ్యలో నోరు మూసుకున్నట్టుండే పేరు. మా ఆయన పరీక్ష కూడా బాగాలేదన్న సంగతి ఎవరి నోటా రాలేదు. నా అంకె మాత్రం చుట్టాలందరికీ కంఠతా.

అన్ని సూదులు పొడిపించుకుంటే ఒకే ఒక్క పిండం నిలిచింది. ఇదే ఆఖరు, మళ్లీ నావల్ల కాదని ఇద్దరం అనుకున్నాం. దాన్ని లోపల పెట్టిన రోజు డాక్టరు, "ఒక్కటి చాలమ్మా, ధైర్యంగా ఉండు" అన్నాడు. ఆ మాట పట్టుకునే బతికాను.

కడుపు నిలిచిందో లేదో తేల్చే రక్తపరీక్ష ఫలితం కోసం పొద్దున్నే ఇంటికి తాళం వేసి ఇద్దరం వెళ్లాం. ల్యాబ్ అమ్మాయి నిండు హాల్లో కేకేసింది: "బీటా హెచ్‌సీజీ నెగెటివ్... ఎవరండీ?"

హాజరు పిలిస్తే పలికినట్టు చెయ్యెత్తాను.

లోపల డాక్టరు తలెత్తకుండానే, "మీ ఏఎంహెచ్ చూసినప్పుడే అనుకున్నా" అన్నాడు. అనుకున్నవాడు నాకు ధైర్యం ఎందుకు చెప్పినట్టు? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం ఇంటికొచ్చి తాళం తీశాం. వంటగట్టు మీద మా స్టీలు గిన్నె. అందులో చలిమిడి. ఇంకా గోరువెచ్చగా ఉంది.

"ఏందిది? నువ్వు చేశావా?" అన్నాడు మా ఆయన.

"బెల్లం ఎక్కడుంది మనింట్లో?"

చికిత్స మొదలైన దగ్గర్నుంచీ నాకు తీపి బంద్.

పక్కింటి పిన్నిని అడిగాను. "నీకు నేనెందుకు పెడతానమ్మాయ్? అది కడుపుతో ఉన్నోళ్లకి కదా, నీకింకా..." అని ఆగింది. అక్కడ ఆగే బదులు మొత్తం అనేసినా ఇంత మండేది కాదు.

వెనక్కొచ్చి గిన్నెను సరిగ్గా చూశాను.

మా అమ్మ చలిమిడి చేస్తే పైన నాలుగు వేళ్లూ అదిమి, ఆ గుంటల్లో నెయ్యి పోసేది. గడ్డి కోసే మిషన్లో ఆమె చూపుడువేలి కొస పోయింది. అందుకే ఆ గుంట చిటికెనవేలి గుంట కన్నా చిన్నదిగా పడేది. నన్ను అత్తారింటికి పంపుతూ, "నీ కడుపు చల్లగుండాలే" అని పెట్టింది అదే. ఆమె ఇప్పుడు లేదు. నా సూదులూ అంకెలూ ఏవీ చూడకముందే పోయింది.

గిన్నెలో నాలుగు గుంటలున్నాయి. చూపుడువేలిది చిన్నది.

మా ఆయన తినొద్దన్నాడు. నేను తిన్నాను. ఆ రోజు ఏడుపొచ్చింది అప్పుడే.

తాళంచెవి ఇంకెవరి దగ్గరా లేదు. వచ్చింది అమ్మే అయితే, నాకు చలిమిడి పెట్టినట్టే ఆ డాక్టరుకి నాలుగు చీవాట్లు కూడా పెట్టి పోవచ్చుగా అని నా కోపం. కాకపోతే మరెవరు? ఎన్నిసార్లు వేసినా ఈ లెక్క తెగలేదు.

ఆ రోజు నా అంకె అడగకుండా నన్ను పలకరించింది మాత్రం ఆ గిన్నె ఒక్కటే.