డ్రిల్లు టీచరు సాంబా విజిల్

సాయంత్రం సిడ్నీలోని పారమట్టా స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే, ఈత కొట్టి వస్తున్న పిల్లలెవరో పక్కకొచ్చి నిలబడ్డారు, వాళ్ళ ఒంటి మీది సన్‌స్క్రీన్ వాసన గుప్పున తగిలింది. రోజంతా స్క్రీను చూసి కళ్ళు మండుతున్నాయి, ఇంటికి వెళ్ళి వంట చేసే ఓపిక లేదు, రైలేమో ఆలస్యమని బోర్డు చెబుతోంది. అంత విసుగులోనూ ఆ వాసన నన్ను ఇదే ఊళ్ళో నాకు తొమ్మిదేళ్ళప్పటి, క్రిస్మస్‌తో పాటు వచ్చే ఎండాకాలంలోకి లాక్కుపోయింది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లకు గండమని లోకమంతా హడలిపోతున్న రోజులవి. ఆ గండం గట్టెక్కించడానికి సిడ్నీ వచ్చినవాళ్ళలో మా నాన్న ఒకడు. రాత్రంతా ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను నాలుగంకెలుగా మార్చి, తెల్లారి వచ్చి పడుకునేవాడు. ఆయన నిద్ర కోసం ఇల్లంతా నోరు మూసుకునేది. కుక్కర్ కూత వేస్తుందని అమ్మ అన్నం గిన్నెలో వండి వార్చేది, నేను మా అపార్టుమెంట్ల వెనక కార్లు నిలిపే చోట బంతి ఆడుకుని, కాళ్ళకు అతుక్కున్న ఊదారంగు జకరాండా పూలు మెట్ల మీదే దులుపుకుని పిల్లిలా లోపలికి వచ్చేదాన్ని.

అమ్మ ప్రొద్దుటూరులో ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్లు టీచరు. ఆమె విజిల్ ఊదితే మైదానమంతా వరసలు కట్టేదని, హెడ్మిస్ట్రెస్ కూడా నడక ఆపేదని మా పెద్దమ్మ చెప్పి నవ్వేది. అలాంటి మనిషి ఉద్యోగం మానేసి ఇక్కడికొచ్చి, కన్నకూతురు కూడా తెలుగులో అడిగిన దానికి ఇంగ్లీషులో జవాబిస్తుంటే, రోజంతా గొంతు తగ్గించుకుని బతికింది. ఆ బతుకు ఆమెను ఎంత అలసిపోయేట్టు చేసిందో అప్పుడు నాకు తెలియదు, ఇప్పుడు తెలుసు.

శనివారం మధ్యాహ్నాలు నాన్న నిద్ర చెడకుండా అమ్మ నన్ను పార్కుకు తీసుకుపోయేది, డబ్బాలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టుకుని. అక్కడ బ్రెజిల్ నుంచి వచ్చిన లూసియా ఆంటీ పిల్లలకు సాంబా డ్రమ్ములు నేర్పేది. ముందు మా అందరి ముఖాలకూ సన్‌స్క్రీన్ దట్టంగా పూసి, తరవాత డ్రమ్ములు పంచేది. నాకు పళ్ళెమంత చిన్నది, సన్నటి పుల్లతో వాయించేది వచ్చింది. పెద్ద డ్రమ్ములు మోగితే కడుపులో అదిరేది, ఆ హోరులో పక్కవాడి మాట కూడా వినపడదు. వినపడేదల్లా ఆమె పెదాల మధ్యనున్న విజిల్ ఒక్కటే. దానికి రెండు పక్కలా చిన్న కన్నాలుండేవి, వాటిని వేళ్ళతో మూస్తూ తెరుస్తూ ఊదితే మూడు రకాలుగా పలికేది. ఒక పిలుపుకు అందరూ ఠక్కున ఆగి, చిన్న డ్రమ్ములు ప్రశ్న అడిగినట్టు వాయిస్తే పెద్దవి జవాబు చెప్పాలి, ఇంకో పిలుపుకు అందరూ కలిసి మళ్ళీ మొదలెట్టాలి. ముగింపుకు మూడు పొడుగు కూతలు. అవి వినపడేదాకా ఎవరూ చెయ్యి ఆపకూడదు.

ఒకరోజు, పక్కన కూర్చుని కాలితో తాళం వేస్తున్న అమ్మ చేతికి లూసియా ఆంటీ విజిల్ ఇచ్చింది. అమ్మ అలవాటు కొద్దీ డ్రిల్లు విజిల్ ఊదేసింది. డ్రమ్ములే కాదు, అవతల క్రికెట్ ఆడుతున్నవాళ్ళు కూడా ఆగిపోయారు. అందరూ పగలబడి నవ్వారు, అమ్మ కూడా నవ్వింది, సిడ్నీలో ఆమె అలా నవ్వగా నేను చూడటం అదే మొదలు. లూసియా ఆంటీ మాత్రం ఆ ఊపిరి తన జట్టుకు కావాలని చెప్పి, నేర్చుకోమని విజిల్ ఇంటికిచ్చి పంపింది. ఇంట్లో ఊదే వీలెక్కడిది? పొయ్యి దగ్గర నిలబడి, శబ్దం రాకుండా ఊపిరి మాత్రం వదులుతూ, కన్నాల మీద వేళ్ళు ఆడిస్తూ అమ్మ సాంబా నేర్చుకుంది. ఫిబ్రవరిలో వీధి ఊరేగింపు ఉంది. పిల్లల జట్టుకు విజిల్ ఊదేది అమ్మేనని క్రిస్మస్‌కు ముందే ఖాయమైంది.

కొత్త సంవత్సరం వచ్చింది, గండమేమీ రాలేదు, దాంతో నాన్న పనీ అయిపోయింది. తెలిసిన డాక్టరు అంకుల్ ఒకాయన కారులో పది గంటల దూరాన టూవూంబాలో, యూనివర్సిటీలో ఉద్యోగం చూపించాడు, వెంటనే వచ్చి చేరమన్నారు. ఊరేగింపుకు ఇంకా వారం ఉంది. నాన్నను ఎప్పుడూ ఏదీ కావాలని అడగని అమ్మ ఆ ఒక్కటీ అడిగింది.

"మీరు ముందు పోండి. ఊరేగింపు అయినాక మేము బస్సులో వస్తాం."

"నేనొక్కన్నే అంత దూరం నడపలేనే. నిద్ర పట్టేస్తాది," అన్నాడు నాన్న. అది సాకు కాదు, నెలల తరబడి నిద్ర లేని ఆ ముఖం చూస్తే ఎవరికైనా తెలిసేది. అమ్మ సామాను సర్దడం మొదలుపెట్టింది.

బయల్దేరిన రోజు శనివారం. విజిల్ తిరిగిచ్చి పోదామని పార్కు దగ్గర కారు ఆపించింది అమ్మ. లూసియా ఆంటీ తీసుకోలేదు, ఒక్కసారి నడిపించి పొమ్మని నా చేతికి డ్రమ్ము ఇచ్చింది. అమ్మ కొంగు నడుముకు దోపి మధ్యలో నిలబడి ఊదింది. ప్రశ్నలూ జవాబులూ ఒక్క తప్పు లేకుండా సాగాయి, ముగింపు రావలసిన చోటు వచ్చింది. అమ్మ ఆ మూడు కూతలు ఊదలేదు. మళ్ళీ మొదటికి తిప్పింది. మళ్ళీ ఆ చోటు వచ్చింది, మళ్ళీ తిప్పింది. నా చేతులు లాగేస్తున్నాయి, "అమ్మా, మై హ్యాండ్ హర్ట్స్" అని అరిచాను గానీ ఆ హోరులో అది నాకే వినపడలేదు. లూసియా ఆంటీ అడ్డు రాలేదు, చేతులు కట్టుకుని చూస్తూ ఉండిపోయింది. నాన్న కారు దిగి కంచె దాకా వచ్చి నిలబడ్డాడు, పిలవలేదు. అప్పుడు ఊదింది అమ్మ. విజిల్ కొంగుతో తుడిచి లూసియా ఆంటీ చేతిలో పెట్టి, వెనక్కి చూడకుండా కారెక్కింది.

ఇప్పుడు ఆ పార్కు ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి. లూసియా ఆంటీ ఎక్కడుందో తెలియదు, ఆ జట్టూ లేదు. నాన్న రిటైరై, అమ్మతో కలిసి మళ్ళీ సిడ్నీ వచ్చి, కెల్లీవిల్‌లో మా ఇంట్లో పగలంతా టీవీ మోత మధ్యే కునుకు తీస్తాడు. అమ్మకు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. స్టేషన్లో ఆ వాసన తగిలిన సాయంత్రం ఇల్లు చేరి, చెప్పులు కూడా విప్పకుండా ఆమె పక్కన కూలబడి, ఇన్నేళ్ళకు అడిగాను, ఆ రోజు పార్కులో నాన్న వచ్చాడనేగా చివరికి ఆ మూడు కూతలు ఊదావు అని.

"మీ నాయన వచ్చినాడని కాదు పాపా. నీ చెయ్యి పొక్కి రక్తం కారతాంటే చూసి ఊదినా. లేకుంటే ఆపుండను," అంది.

నా కుడి అరచెయ్యి తిప్పి చూసుకున్నాను. అక్కడ మచ్చ కూడా మిగల్లేదు.