భాలుబాసా చుట్టి వచ్చిన గిన్నె

ఆ రోజుల్లో భాలుబాసాలోని మా సందులో పగటిపూట ఏ ఇంటి తలుపూ మూసి ఉండేది కాదు. ఉక్కు కర్మాగారంలో పనికని ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ల మనవలం మేము. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి వచ్చాడు. ఎదురింటి చాచీ వాళ్లది బీహారు, పక్కింటి మావుసీ వాళ్లది ఒడిశా, సందు చివర మాసీమా వాళ్లది బెంగాల్. ఎవరి భాష వాళ్లదే, తగువులకి మాత్రం అందరిదీ హిందీ. ఇంతమందినీ కలిపి ఉంచిన చట్టం ఒక్కటే, పక్కింటి గిన్నె ఖాళీగా తిరిగి వెళ్లకూడదు. దాన్ని ఎవరు పెట్టారో తెలియదు గానీ, తప్పిన ఇంటిని నేను చూడలేదు.

నాకు పద్దెనిమిదేళ్లప్పుడు ఒక ఉగాదికి పచ్చడి పంచే పని నా మీద పడింది. నా మనసేమో స్నేహితురాలితో సాక్చి బజారుకి పోయి గాజులు కొనుక్కోవడం మీద ఉంది. తలుపు తెరిచి ఉన్న ఇళ్లల్లో గబగబా గిన్నెలు అందించేసి ఆటో ఎక్కేశాను. (ఆ పచ్చడి కడుపునొప్పికి మందని చాచీ నమ్మకం. ఏటా భర్త చేత రెండు చెంచాలు మింగించి, బాగా పనిచేసిందని మాకు కబురు కూడా పంపేది.) వారం తిరిగేసరికి నాన్నమ్మ వంటింట్లో గిన్నెలన్నీ కింద పరుచుకుని కూర్చుంది.

"అంచు సొట్టడిపోయిన గిన్ని ఏదే? ఎవులింటికిచ్చినావు?"

"యాద్ నహీ, నాన్నమ్మా," అన్నాను. (మా తరమంతా ఇంతే, తెలుగులో అడిగితే హిందీలో జవాబు.)

"యాదు నేకపోతే ఎల్లి ఎతుకు. అది ఇంటికొచ్చేదాకా నాను ముద్ద ముట్టను," అని వడ్డించిన కంచం పక్కకి తోసి లేచిపోయింది. అసలే షుగరు మనిషి. నాకు నిజంగానే భయం వేసింది.

ముందు చాచీ దగ్గరికి పరుగెత్తాను. అది మావుసీ వాళ్లదనుకుని, ఠేకువాలనే తీపి బిళ్లలు పెట్టి అక్కడికి పంపేసిందట. "ఖాలీ హాథ్ కైసే జాయేగీ బేటీ," అంటూ ఒట్టి చేతులతో పోనివ్వక ఇంకో గిన్నె నిండా శనగల కూర పోసి నా చేతిలో పెట్టింది. మావుసీ ఇంట్లో అడిగితే, అది తమది కాదని బియ్యప్పిండి పిఠాలు పెట్టి మాసీమా ఇంటికి పంపేశారని తెలిసింది. మావుసీ కూడా మరో గిన్నెలో దాల్మా, అదే కూరగాయల పప్పు, పోసి ఇచ్చింది. వెతికేది ఒకటి, మోసేది రెండు. ఆ రెండూ మళ్లీ నిండుగా తిరిగి వెళ్లాల్సినవి.

గిన్నె మాసీమా దగ్గర దొరికింది. అప్పటికే కొబ్బరి ఉండలతో నింపి పెట్టింది. దాన్ని పైకెత్తి అడుగు చూసి, ఇది మీది కాదే అంది. అడుగున చెక్కినవి బెంగాలీ అక్షరాలట, ఎవరో ఆడమనిషి పేరట. ఆ పేరు గలవాళ్లు సందులో ఎవరూ లేరంది. చిన్నప్పటి నుంచీ చూస్తున్నా అది కొట్టువాడి ముద్ర అనుకున్నాను నేను.

నాన్నమ్మ దొరికిపోయిందన్న హుషారుతో ఇంటికొచ్చి, "పరాయివాళ్ల గిన్నె కోసమా ఈ ఉపవాసం?" అన్నాను.

ఆవిడ గిన్నెని ఒళ్లో పెట్టుకుని సొట్ట నిమిరింది. "నాను కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడెవుల బాసా తెల్దు. మీ తాత డూటీకి ఎలిపోతే ఒకర్తినే ఏడుత్తూ కూకున్నాను. పక్కింటి బెంగాలావిడ ఈ గిన్నిలో కిచిడీ ఎట్టిచ్చింది. తిరిగి ఏటెట్టి ఇవ్వాలో తోచక నాలుగు దినాలు ఆలోచించినాను. అరిసెలొండి అట్టుకెల్తే ఇంటికి తాళం. ఊరొగ్గీసి ఎలిపోనారు." గిన్నెలో ఉండలు సర్దుతూ, "అందుకే ఏటా ఇంటింటికీ తిప్పుతన్నాను, ఒకింట్లోనే ఉండిపోతే ఎలగ? తిరిగీ తిరిగీ ఏనాటికైనా ఆవిడికి సేరదేటి," అంది. తర్వాత ఒక కొబ్బరి ఉండ నోట్లో వేసుకుంది.

ఇప్పుడు నేను ఇదే ఊళ్లో సోనారిలో, తలుపులన్నీ మూసి ఉండే అపార్ట్‌మెంటులో ఉంటున్నాను. నాన్నమ్మ పోయింది, గిన్నె నాకు మిగిలింది. మొన్న ఉగాదికి అందులో పచ్చడి పోసి, ఎదురు ఫ్లాటులోకి కొత్తగా వచ్చిన అమ్మాయికి ఇచ్చాను. ఏ భాష పిల్లో తెలియదు. ఇరవై రోజులైంది, గిన్నె రాలేదు. "మెసేజ్ కర్ దో నా," అంటుంది మా అమ్మాయి. రెండుసార్లు టైపు చేసి చెరిపేశాను. ఏం పెట్టి ఇవ్వాలో తోచక ఆ పిల్ల కూడా ఆలోచిస్తోందేమో. నేను మాత్రం ముద్ద మానలేదు, నాన్నమ్మంతటి దాన్ని కాను. మా తలుపు మాత్రం పగలంతా తెరిచే ఉంచుతున్నాను.